నవల చదవాలా, సిరీస్ చూడాలా? సైన్స్ ఫిక్షన్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నా సలహా

ఫలానా సైన్స్ ఫిక్షన్ కథ బాగుంటుందని ఎవరికైనా చెబితే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే. పుస్తకం చదవాలా, సిరీస్ చూస్తే సరిపోతుందా? ఎప్పుడూ పుస్తకమే మేలని చెప్పేసే అభిమానులు చాలామంది ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. కొన్ని కథలకు పుస్తకాన్ని మించింది లేదు. కొన్ని కథలు తెర మీదకు వచ్చాకే నిండుగా తయారయ్యాయి. ఇంకొన్నిటికి అసలు నవలే లేదు, ముప్పావుగంట ఎపిసోడే మొదలూ చివరా.

నేను చూసుకునే లెక్క ఇది. కథలో మనల్ని కదలనివ్వకుండా కూర్చోబెట్టేది ఒక ఆలోచన అయితే పుస్తకం తీసుకోండి. ఆలోచన ఒంటబట్టడానికి టైమ్ కావాలి. పేజీ దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదువుకునే వీలుండాలి. అలా కాకుండా కూర్చోబెట్టేది ఒక మనిషి ముఖమో, తరుముకొస్తున్న గడియారమో అయితే తెర దగ్గరకు వెళ్ళండి. ఈ లెక్కతో నాకు బాగా ఇష్టమైన కథల్ని, ఇప్పుడు అందరూ అడుగుతున్న కథల్ని చూద్దాం. ముగింపులు మాత్రం ఎక్కడా చెప్పను.

త్రీ బాడీ: మూడు దారులు

ఈమధ్య ఎక్కువమంది అడుగుతున్నది చైనా రచయిత లియు త్సిషిన్ రాసిన ‘ది త్రీ బాడీ ప్రాబ్లమ్’ గురించే. ఇక్కడ ఎంచుకోవడానికి రెండు కాదు, మూడు ఉన్నాయి. విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా పనిచేసిన ఈయన నవల 2006లో ఒక చైనా పత్రికలో సీరియల్‌గా వచ్చి, 2008లో పుస్తకమైంది. కెన్ లియు చేసిన ఇంగ్లీషు అనువాదం 2014లో వచ్చింది, మరుసటి ఏడాదే ఉత్తమ నవలగా, సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద పేరున్న హ్యూగో అవార్డు తెచ్చుకుంది. ఆసియా రచయిత నవలకు ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. తర్వాత 2023లో చైనా కంపెనీ టెన్సెంట్ వాళ్ళు చైనీస్‌లో 30 ఎపిసోడ్ల సిరీస్ తీశారు. 2024 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ 8 ఎపిసోడ్ల సిరీస్ వచ్చింది.

పుస్తకంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటి చెబుతాను, అప్పుడు మూడింటికీ తేడా తెలుస్తుంది. వాంగ్ మియావ్ నానో పదార్థాల మీద పరిశోధన చేసే మనిషి, ఫోటోలు తీయడం అతని సరదా. ఒకరోజు రీలు కడిగి చూస్తే ప్రతి ఫోటో మీదా అంకెలు కనిపిస్తాయి. గంటలు, నిమిషాలు, సెకన్లు. ఫోటో ఫోటోకీ ఆ లెక్క తగ్గుతూ పోతుంది. కెమెరాలో ఏదో తేడా ఉందేమోనని భార్య చేతికి ఇచ్చి తీయమంటాడు. ఆమె తీసినవాటిలో ఏమీ ఉండదు. మళ్ళీ తను తీస్తే మళ్ళీ అంకెలు. అంటే తేడా కెమెరాలో లేదు, రీలులో లేదు, తనలో ఉంది. శాస్త్రవేత్త ఎలా ఆలోచిస్తాడో అలాగే ఒక్కో కారణాన్నీ పరీక్షించి పక్కనపెడుతూ వెళ్ళేసరికి, చివరికి మిగిలేది నమ్మశక్యం కాని కారణం ఒక్కటే. చదువుతుంటే మన వెన్నులో కూడా చలి పుడుతుంది. నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌లో ఆ పాత్ర స్థానంలో ఉన్న ఆగీకి అంకెలు నేరుగా కళ్ళ ముందే వెలుగుతాయి. చూడగానే భయం వేస్తుంది, నిజమే. కానీ కెమెరా, రీలు, భార్య చేత తీయించడం, ఆ పరీక్ష అంతా పోయింది. నాకు కావలసింది ఆ పరీక్షే.

ఇంకోచోట కూడా ఇదే తేడా. విశ్వమంతా ఒక్కసారి మినుకుమంటుందని వాంగ్‌కి ముందే హెచ్చరిక వస్తుంది. పుస్తకంలో అది మామూలు కంటికి కనపడేది కాదు. విశ్వం పుట్టినప్పటి నుంచీ మిగిలిన నేపథ్య వికిరణంలో వచ్చే మార్పు అది. చూడాలంటే ప్రత్యేకమైన పరికరం కావాలి. సిరీస్‌లో ఆకాశంలో నక్షత్రాలన్నీ ఆరి వెలుగుతాయి, ప్రపంచమంతా తలెత్తి చూస్తుంది. తెరకు అది సరైన నిర్ణయమే, అందులో తప్పు పట్టను. అయితే ఎవరికీ తెలియని ఒక నిజం ఒక్క మనిషికే తెలిసిన ఒంటరితనం పుస్తకంలోనే ఉంది.

ఇక మనుషుల కంప్యూటర్ ఘట్టం. ఇది కథలో వాంగ్ ఆడే ఒక వర్చువల్ రియాలిటీ గేమ్‌లో జరుగుతుంది. చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ మూడు కోట్ల మంది సైనికుల్ని మైదానంలో నిలబెడతాడు. ముగ్గురు సైనికులు ఒక జట్టు. మొదటి ఇద్దరి చేతుల్లో జెండాలు చూసి మూడోవాడు ఏ జెండా ఎత్తాలో నిర్ణయించుకుంటాడు, అంతే, అదొక లాజిక్ గేట్, కంప్యూటర్‌కి ఇటుక లాంటిది. అలాంటి జట్లను కోట్లలో కలుపుకుంటూ పోతే కంప్యూటర్ తయారవుతుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు ఈ భాగం చదువుతూ కాగితం మీద గీసుకుని చూడకుండా ఉండలేరు. కంప్యూటర్ గురించి ఏమీ తెలియనివాళ్ళకి కూడా పది పేజీల్లో దాని మూలం బోధపడుతుంది.

నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌కి ఉన్న బలం వేరే. 1960ల్లో, చైనా సాంస్కృతిక విప్లవం రోజుల్లో, కూతురు చూస్తుండగా భౌతికశాస్త్ర ప్రొఫెసర్‌ని జనం మధ్య వేదిక మీద కొట్టి చంపే దృశ్యంతో సిరీస్ మొదలవుతుంది. ఆ కూతురు యే వెన్‌జియే. తర్వాత ఆమె తీసుకునే నిర్ణయం మొత్తం కథకు మూలం. ఆ రోజు ఆమె ముఖం చూస్తే తప్ప ఆ నిర్ణయం మనకు మింగుడు పడదు. చైనాలో పుస్తకం అచ్చయినప్పుడు ఈ భాగాన్ని కథ మధ్యలోకి జరిపారు. ఇంగ్లీషు అనువాదంలో మళ్ళీ మొదటికి తెచ్చారు. టెన్సెంట్ సిరీస్‌లో ఈ భాగం బాగా మెత్తబడింది, ఆ లోటు చివరిదాకా తెలుస్తూనే ఉంటుంది. అది తప్పిస్తే టెన్సెంట్ వాళ్ళు పుస్తకాన్ని దాదాపు పేజీ పేజీకీ తీశారు. పోలీసు అధికారి షి చియాంగ్‌గా యు హెవెయ్ నటన చూడటానికైనా కొన్ని ఎపిసోడ్లు చూడాలి. కానీ 30 ఎపిసోడ్లు ఎక్కువే. మధ్యలో సాగదీత ఉంది.

నా సలహా: ముందు పుస్తకం చదవండి, ఆ తర్వాత నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌లో మొదటి ఐదు ఎపిసోడ్లు చూడండి. ఐదో ఎపిసోడ్‌లో పనామా కాలువ దగ్గర జరిగేది తెర మీద చూడాల్సిందే. పుస్తకంలో అది ఎలా సాధ్యమో అర్థమవుతుంది, తెర మీద దాని ఘోరం అర్థమవుతుంది. పుస్తకం చదివే ఓపిక లేదనుకుంటే నేరుగా నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్ళినా నష్టం లేదు. టెన్సెంట్ సిరీస్ పుస్తకాన్ని ప్రేమించినవాళ్ళకు మాత్రమే.

రెండో పుస్తకం ‘ది డార్క్ ఫారెస్ట్’ మాత్రం తప్పకుండా చదవాల్సిందే. భూమ్మీద ఏం మాట్లాడినా, ఏం రాసినా గ్రహాంతర శత్రువుకు తెలిసిపోతుంది. మనిషి తలలో ఉన్నది మాత్రమే తెలియదు. అందుకని నలుగురిని ఎన్నుకుని, మీ పథకం మీ తలలోనే దాచుకోండి, ఎవరికీ చెప్పొద్దు, మేం మాత్రం మీరు అడిగినవన్నీ ఇస్తాం అంటారు. కథంతా మనుషుల తలల్లో నడుస్తుంది. దీన్ని కెమెరాతో ఎలా చూపిస్తారు? మొదటి సగంలో, ఆ నలుగురిలో ఒకడైన లువో జీ తన ఊహల్లోని అమ్మాయి కోసం వెతికే భాగం నాకు నచ్చలేదు. అసలు లియుకి ఆడపాత్రలు రాయడం అంతగా చేతకాదు. ఆ పేజీలు ఓర్చుకుని ముందుకు వెళ్ళండి. చివరి వంద పేజీలకు సాటి వచ్చేది ఈ రకం సాహిత్యంలో చాలా తక్కువ.

ఫౌండేషన్: పేరు ఒకటే, కథలు రెండు

ఐజాక్ అసిమోవ్ ‘ఫౌండేషన్’ని 1942 నుంచి పత్రికల్లో కథలుగా రాశాడు. 1951, 52, 53ల్లో మూడు పుస్తకాలుగా వచ్చాయి. 1966లో అప్పటిదాకా వచ్చిన సిరీస్‌లన్నిటిలో ఉత్తమమైనదిగా హ్యూగో ఇచ్చారు. ఆపిల్ టీవీ సిరీస్ 2021లో మొదలైంది.

ఈ రెండిటినీ పోల్చి ఏది బాగుందని గొడవపడటం నాకు అనవసరం అనిపిస్తుంది. హరి సెల్డన్ అనే గణితవేత్త, కూలబోతున్న సామ్రాజ్యం, ముప్పై వేల ఏళ్ళ చీకటిని వెయ్యేళ్ళకు తగ్గించే ప్రణాళిక. ఇవి రెండింటిలోనూ ఉన్నాయి. మిగతాదంతా వేరు. పుస్తకంలో యుద్ధాలు తెర వెనకే జరుగుతాయి. మనకు కనిపించేది గదిలో కూర్చుని మాట్లాడుకునే మనుషులు. ఒక చిన్న గ్రహం, ఆయుధాలు లేవు, చుట్టూ బలమైన రాజ్యాలు. ఈ గండం నుంచి మాటలతో, తెలివితో ఎలా బయటపడతారు అన్నదే ఉత్కంఠ. ఎనిమిది పదుల ఏళ్ళ కిందటి రాత కాబట్టి మొదటి పుస్తకంలో ఆడపాత్రలు లేవనే చెప్పాలి. పాత్రలు కూడా కథ కథకీ మారిపోతుంటాయి. మనుషులకు అలవాటుపడి చదివేవాళ్ళకు ఇది కష్టం. చరిత్ర అంటే, రాజకీయం అంటే ఇష్టమున్నవాళ్ళు మాత్రం కింద పెట్టరు.

సిరీస్‌లో అసలు పట్టు పుస్తకంలో లేని చోట ఉంది. సామ్రాజ్యాన్ని ఒకే చక్రవర్తి క్లోన్లు ముగ్గురు పాలిస్తుంటారు. పిల్లవాడు డాన్, నడివయసువాడు డే, ముసలివాడు డస్క్. ఒకే మనిషి మూడు వయసుల్లో ఒకే భోజనబల్ల దగ్గర కూర్చుంటాడు. డే పాత్రలో లీ పేస్ నడక, నవ్వు, కోపం చూస్తే సామ్రాజ్యం ఎందుకు కూలుతుందో గణితం అక్కర్లేకుండానే తెలిసిపోతుంది. మొదటి సీజన్‌లో అతను తీర్థయాత్రికుడిలా ఎడారిలో నడిచే ఎపిసోడ్ ఉంది. గెలాక్సీని ఏలే మనిషి ఉప్పు నేల మీద దాహంతో కుప్పకూలుతుంటే, అధికారం అంటే ఏమిటో ఆ ముఖమే చెబుతుంది. టెర్మినస్ గ్రహం మీద జరిగే భాగాలు మాత్రం, ముఖ్యంగా మొదటి సీజన్‌లో, బలహీనంగా ఉన్నాయి. రెండో సీజన్ చాలా మెరుగు.

కాబట్టి ఎత్తులు పైఎత్తులు ఇష్టమైతే పుస్తకం, మనుషులు ఇష్టమైతే సిరీస్. పుస్తకాలు వచ్చిన వరుసలోనే, 1951 నాటి దానితోనే మొదలుపెట్టండి. కథాకాలం ప్రకారం ముందుది కదా అని ‘ప్రిల్యూడ్’తో మొదలుపెట్టమని కొందరు చెబుతారు. అలా చేస్తే అసలు కథలోని ఆశ్చర్యాలు ముందే కరిగిపోతాయి.

ది ఎక్స్‌పాన్స్: ముందు తెర, తర్వాత పుస్తకం

ఇక్కడ నేను గట్టిగా తెర వైపే నిలబడతాను. జేమ్స్ ఎస్.ఎ. కోరీ అన్న పేరు వెనక ఇద్దరు రచయితలు ఉన్నారు, డేనియల్ అబ్రహామ్, టై ఫ్రాంక్. 2011 నుంచి 2021 దాకా తొమ్మిది నవలలు రాశారు. టీవీ సిరీస్ 2015లో సైఫై ఛానల్లో మొదలైంది. మూడు సీజన్ల తర్వాత 2018లో ఆపేస్తున్నామని ప్రకటిస్తే అభిమానులు ఊరుకోలేదు, సిరీస్‌ని కాపాడమని రాసిన బ్యానర్ కట్టిన విమానాన్ని అమెజాన్ స్టూడియోస్ మీదుగా ఎగరేయించారు. అమెజాన్ తీసుకుని ఇంకో మూడు సీజన్లు తీసింది. మొత్తం 62 ఎపిసోడ్లు.

మనుషులు కుజుడి మీదకీ, గ్రహశకలాల మీదకీ వెళ్ళి స్థిరపడ్డాక భూమికి, కుజుడికి, గ్రహశకలాల్లో పనిచేసే బెల్టర్లకి మధ్య జరిగే గొడవ ఇది. నీళ్ళు, గాలి కొనుక్కుని బతికేవాళ్ళ కడుపుమంట ఇది. పుస్తకంలో దీన్ని వివరించి చెప్పాలి. తెర మీద వివరణ అక్కర్లేదు. సెరెస్ స్టేషన్‌లో ఒక పక్షి అలవోకగా ఒకసారి రెక్క కొట్టి గాల్లో తేలుతుంది. డిటెక్టివ్ మిల్లర్ గ్లాసులో మందు పోసుకుంటే ధార తిన్నగా పడకుండా పక్కకి వంగుతుంది. స్టేషన్ తిరగడం వల్ల పుట్టిన గురుత్వం అలాగే ఉంటుంది మరి. ఒక్క మాట లేకుండా ఆ లోకం ఎలాంటిదో కళ్ళకు కట్టేస్తారు. ఓడలు సగం దారి వేగం పెంచుకుంటూ వెళ్ళి, తిరగబడి, మిగతా సగం వేగం తగ్గించుకుంటూ పోతాయి. మధ్యలో ఇంజన్ ఆగితే అందరూ తేలిపోతారు. భౌతికశాస్త్రాన్ని ఇంత గౌరవించిన టీవీ సిరీస్ నాకు ఇంకోటి తెలియదు.

మొదటి మూడు ఎపిసోడ్లు కొంచెం నెమ్మది. పేర్లు, పార్టీలు గుర్తుపెట్టుకోవడంలోనే సరిపోతుంది. నాలుగోది ‘సీక్యూబీ’ దాకా ఆగండి. యుద్ధనౌకలో ఒక గదిలో నలుగురైదుగురు బెల్టులు పెట్టుకుని కూర్చుని ఉంటారు. బయట యుద్ధం జరుగుతోంది, వాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు. ఉన్నట్టుండి ఒక గుండు ఇటు గోడలోంచి దూరి అటు గోడలోంచి వెళ్ళిపోతుంది. గదిలో గాలి ఆ కన్నాల్లోంచి బయటికి పోతుంటే చేతికి దొరికినదానితో మూయడానికి తంటాలు పడతారు. వీరత్వం లేదు, డైలాగ్ లేదు. అంతరిక్షంలో యుద్ధం అంటే ఇదీ అని ఒక్క నిమిషంలో తెలుస్తుంది. ఆ ఎపిసోడ్ కూడా పట్టుకోకపోతే మీకు ఈ సిరీస్ సరిపడదు, మొహమాటం లేకుండా ఆపేయండి.

తెర వైపు ఓటు వేయడానికి ఇంకో కారణం క్రిస్‌జెన్ అవసరాల. అవును, మన తెలుగు ఇంటిపేరే. భూమి తరఫున ఐక్యరాజ్యసమితిలో చక్రం తిప్పే నాయనమ్మ. చీర కట్టుకుని, నగలు పెట్టుకుని, నోటికొచ్చినట్టు తిడుతూ రెండు గ్రహాల మధ్య యుద్ధాన్ని ఆపడానికి చూస్తుంటుంది. పుస్తకాల్లో ఆమె రెండో భాగంలో గానీ రాదు. సిరీస్‌లో మొదటి ఎపిసోడ్ నుంచే ఉంటుంది. ఇరాన్‌లో పుట్టిన నటి షోరే అగ్దష్లూ గరగరలాడే గొంతుతో ఆ పాత్రని తన సొంతం చేసుకుంది. ఆమె గొంతు విన్నాక పుస్తకం చదివితే ఆ గొంతే వినిపిస్తుంది, అందులో నాకు సంతోషమే. డ్రమ్మర్ అనే బెల్టర్ పాత్ర కూడా అంతే. పుస్తకాల్లోని పలువురిని కలిపి సిరీస్‌లో ఆమెను తయారుచేశారు, కథ చిక్కబడింది.

సిరీస్ ఆరు పుస్తకాల దగ్గర ఆగింది. ఆరో సీజన్‌లో లకోనియా గ్రహం మీద ఒక చిన్నపిల్ల, వింత కుక్కలు కనిపిస్తాయి. ఇది దేనికి పెట్టారని చాలామందికి అర్థం కాలేదు. జవాబు చివరి మూడు పుస్తకాల్లో ఉంది. అందుకే సిరీస్ మొత్తం చూసి, ఏడో పుస్తకం ‘పెర్సెపోలిస్ రైజింగ్’ నుంచి చదవమని చెబుతాను. కథ దాదాపు ముప్పై ఏళ్ళు ముందుకు జరుగుతుంది. సిరీస్‌లో చనిపోయిన ఒకరు పుస్తకంలో బతికే ఉంటారు, కంగారు పడొద్దు. ఎనిమిదోది ‘టియామట్స్ రాత్’ తొమ్మిదింటిలో నాకు అన్నిటికన్నా ఇష్టం.

తొందరగా తేల్చేయగలిగినవి కొన్ని

మార్తా వెల్స్ ‘మర్డర్‌బాట్’: మొదటి పుస్తకం ‘ఆల్ సిస్టమ్స్ రెడ్’ 2017లో వచ్చింది, ఒక్క ఆదివారం చాలు. తనని అదుపు చేసే యంత్రాన్ని తానే పాడుచేసుకుని, మనుషుల కంట పడకుండా సీరియళ్ళు చూసుకుంటూ బతకాలనుకునే ఒక కాపలా రోబో తన కథ తనే చెబుతుంది. 2025లో వచ్చిన ఆపిల్ సిరీస్ బాగానే ఉంది, ఎపిసోడ్లు చిన్నవి. అయినా ఇది గొంతు మీద నడిచే కథ, పుస్తకమే ముందు. ఇంగ్లీషు నవలలు చదవడం కొత్త అయితే నేను మొదట చేతిలో పెట్టేది కూడా ఇదే. వాక్యాలు చిన్నవి, భాష సులువు.

ఆక్టేవియా బట్లర్ ‘కిండ్రెడ్’: 1979 నవల. 1976లో ఉన్న ఒక నల్లజాతి యువతి తన ప్రమేయం లేకుండా బానిసత్వం నాటి మేరీల్యాండ్‌కి వెళ్ళిపోతుంటుంది. 2022లో వచ్చిన సిరీస్ ఎనిమిది ఎపిసోడ్ల తర్వాత రద్దయింది, కథ మధ్యలోనే ఆగిపోయింది. ఆలోచించే పనే లేదు, పుస్తకం.

‘సైలో’: హ్యూ హౌయీ మొదట సొంతంగా అచ్చేసుకున్న కథ. భూగర్భంలో వంద అంతస్తులకు పైగా ఉన్న ఒక గొట్టంలో జనం బతుకుతుంటారు, బయట ఏముందో తెలియదు. ఆ మెట్లు, ఆ ఇరుకు, ఆ చీకటి తెర మీదే బాగున్నాయి. సిరీస్ చూడండి. సీజన్ల కోసం ఎదురుచూడలేకపోతే మూడు పుస్తకాలూ పూర్తయి ఉన్నాయి.

సిరీస్ లేకపోయినా చదవాల్సిన రెండు

ఆర్థర్ సి. క్లార్క్ 1956 నుంచి 2008లో చనిపోయేదాకా శ్రీలంకలోనే ఉన్నాడు. ఆయన 1973 నవల ‘రాండెవూ విత్ రామా’లో సౌరకుటుంబంలోకి ఒక పెద్ద స్థూపం వస్తుంది. గ్రీకు, రోమన్ దేవతల పేర్లన్నీ అయిపోవడంతో ఖగోళ శాస్త్రవేత్తలు హిందూ దేవతల పేర్లకు వచ్చి దీనికి రామ అని పెట్టి ఉంటారు. యాభై కిలోమీటర్లకు పైగా పొడవు, లోపల బోలు. లోపలికి దిగినవాళ్ళకు నేల రెండు పక్కలా వంగి పైకి లేచి నెత్తి మీదకు వస్తుంది, సముద్రం కూడా గుండ్రంగా చుట్టుకుని ఉంటుంది. విలన్ లేడు, యుద్ధం లేదు. తెలియనిదాన్ని జాగ్రత్తగా, పద్ధతిగా తెలుసుకోవడం ఎంత ఉత్కంఠగా ఉంటుందో చూపించిన నవల ఇది. పాత్రలు పలచన, ఆ సంగతి ముందే తెలిసి చదివితే మంచిది.

ఉర్సులా లెగ్విన్ ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’, 1969, దీనికి పూర్తిగా వ్యతిరేకం. గెథెన్ అనే మంచు గ్రహం మీద మనుషులు నెలలో ఎక్కువ రోజులు ఆడా కాదు, మగా కాదు. అక్కడికి వచ్చిన రాయబారి గెన్లీ ఆయికి ఎవరిని నమ్మాలో తెలియదు. మొదటి వంద పేజీలు దర్బారు రాజకీయాలతో బరువుగా ఉంటాయి, చాలామంది అక్కడే వదిలేస్తారు. దయచేసి వదలకండి. తర్వాత ఇద్దరు మనుషులు బండి లాక్కుంటూ మంచు మైదానం దాటే ప్రయాణం ఉంది. రాత్రిళ్ళు చిన్న గుడారంలో పొయ్యి దగ్గర వాళ్ళు మాట్లాడుకునే మాటలు, మాట్లాడుకోని మాటలు చదివాక సైన్స్ ఫిక్షన్‌లో మనసు ఉండదని మీరు ఇంకెప్పుడూ అనలేరు. ‘రామా’ ఎవరికైనా ఇస్తాను. దీన్ని ఓపికగా చదివేవాళ్ళకే ఇస్తాను.

ఒక్క ఎపిసోడ్‌తో మొదలుపెట్టాలంటే

సీజన్లకు సీజన్లు చూసే టైమ్ ఎవరికుంది అనేవాళ్ళకు నా దగ్గర మంచి జవాబు ఉంది. టీవీ సైన్స్ ఫిక్షన్‌లో అత్యుత్తమమైనవి చాలావరకు విడి ఎపిసోడ్లే. ముందూ వెనకా తెలియకపోయినా పర్లేదు. ఇందులో నేను ఎక్కువగా చెప్పేవి ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’లో రెండు.

మొదటిది 1989 నాటి ‘ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’. డేటా అనే ఆండ్రాయిడ్‌ని, అంటే మనిషి ఆకారపు రోబోని, విప్పి పరిశోధన చేస్తామంటారు, అతను ఒప్పుకోడు. అతనికి కాదనే హక్కు ఉందా, లేక అతను స్టార్‌ఫ్లీట్ అనే సంస్థ ఆస్తేనా? దీని మీద విచారణ. డేటాకి వ్యతిరేకంగా వాదించే పని అతని స్నేహితుడు రైకర్ మీద పడుతుంది. సరిగ్గా వాదించకపోతే విచారణే జరగదు, డేటా ఆస్తేనని తేల్చేస్తారు, కాబట్టి తప్పదు. రైకర్ లేచి వెళ్ళి డేటా చెయ్యి ఊడదీసి అందరికీ చూపిస్తాడు. తర్వాత వెనక్కి వెళ్ళి అతని ఒంటి మీద స్విచ్ నొక్కుతాడు. అప్పటిదాకా మాట్లాడిన మనిషి బల్ల మీదకి వాలిపోతాడు. గెలిచే వాదన చేసిన రైకర్ ముఖంలో గెలుపు ఉండదు. కృత్రిమ మేధ గురించి రోజూ మాట్లాడుకుంటున్న ఈ రోజుల్లో దీనికన్నా ముందు చూడాల్సింది ఇంకోటి లేదనుకుంటాను.

రెండోది 1992 నాటి ‘ది ఇన్నర్ లైట్’. కెప్టెన్ పికార్డ్ ఓడలో స్పృహ తప్పి 25 నిమిషాలు పడి ఉంటాడు. ఆ కాసేపట్లో వేరే గ్రహం మీద, వేరే పేరుతో, ఒక జీవితకాలం గడుపుతాడు. మొదట తిరిగి వెళ్ళాలని కొట్టుకుంటాడు. ఏళ్ళు గడిచేకొద్దీ భార్య, పిల్లలు, వేణువు, ఎండిపోతున్న నేల, ఇవే అతని జీవితమైపోతాయి. కొడుకుగా వేసింది, పికార్డ్‌గా నటించిన పాట్రిక్ స్టీవర్ట్ సొంత కొడుకే. 1993లో దీనికి హ్యూగో వచ్చింది. ముందుగా స్టార్ ట్రెక్ గురించి ఏమీ తెలుసుకోనక్కర్లేదు, అలాగే కూర్చుని చూడండి.

భయం కావాలంటే ‘డాక్టర్ హూ’లో 2007 నాటి ‘బ్లింక్’. చూస్తున్నంతసేపు కదలని రాతి విగ్రహాలు, రెప్ప వేస్తే దగ్గరికి వచ్చేస్తాయి. ఇందులో ఒక డీవీడీ సంభాషణ ఉంది. డాక్టర్ ఎప్పుడో రికార్డు చేసిన మాటలు టీవీలో వస్తుంటే, ఇవతల శాలీ అనే అమ్మాయి ఆ క్షణంలో తోచింది అంటుంది, రెండూ ప్రశ్నా జవాబుల్లా అతుక్కుపోతాయి. అది ఎలా కుదిరిందో తెలిసినప్పుడు లేచి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. అసలు హీరో డాక్టర్ తెర మీద కనిపించేది కాసేపే, కాబట్టి కొత్తవాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు.

టెన్షన్ కావాలంటే ‘బ్యాటిల్‌స్టార్ గలాక్టికా’లో ‘33’. శత్రువులు సరిగ్గా ప్రతి 33 నిమిషాలకూ వచ్చి పడుతుంటారు. మనుషుల్లో మిగిలింది ఓడల్లో ఉన్న యాభై వేల మంది చిల్లర, ఐదు రోజులుగా ఎవరికీ నిద్ర లేదు. అధ్యక్షురాలు బతికున్నవాళ్ళ సంఖ్యను బోర్డు మీద చెరిపి రాస్తూ ఉంటుంది. ఈ ఒక్కదానికి మాత్రం ముందుగా 2003 నాటి మినీ సిరీస్ చూడటం అవసరం. మూడు గంటలు పడుతుంది, వృథా కాదు.

‘బ్లాక్ మిర్రర్’ గురించి ఒక హెచ్చరిక. మొదటి ఎపిసోడ్‌తో మొదలుపెట్టకండి, అందులోనూ ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు అసలు వద్దు. అది చూసి సిరీస్ మొత్తాన్నీ పక్కనపెట్టినవాళ్ళు నాకు తెలుసు. ‘శాన్ జునిపెరో’తో మొదలుపెట్టండి. రెండు ఎమ్మీ అవార్డులు వచ్చాయి దానికి, ఆ సిరీస్‌లో వెచ్చగా అనిపించే కొద్ది ఎపిసోడ్లలో అదొకటి. పిల్లలతో కలిసి చూడాలంటే మాత్రం స్టార్ ట్రెక్ రెండూ, లేదా 1959 నాటి ‘ట్వైలైట్ జోన్’ ఎపిసోడ్ ‘టైమ్ ఎనఫ్ ఎట్ లాస్ట్’. అరగంట కూడా ఉండదు. పుస్తకాలంటే ప్రాణమిచ్చే ఒక బ్యాంకు గుమాస్తాని ఇంట్లో భార్య, ఆఫీసులో మేనేజరు చదువుకోనివ్వరు. చదివే అలవాటున్న పిల్లలు దీని ముగింపు చాలాకాలం మర్చిపోరు. ‘ఎక్స్‌పాన్స్’, ‘త్రీ బాడీ’ సిరీస్‌లలో రక్తపాతం, బూతులు ఉన్నాయి, పెద్దవాళ్ళయ్యాకే. వీటిలో ఏది చూసినా ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. బెల్టర్ల యాస కోసం ఒక భాషావేత్త ప్రత్యేకంగా భాషే తయారుచేశాడు, సబ్‌టైటిల్స్ లేకపోతే సగం పోతుంది.

ఎపిసోడ్ నచ్చి పుస్తకం వైపు రావాలనుకునేవాళ్ళకు రెండు దారులు చూపిస్తాను. ‘ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’ నచ్చితే అసిమోవ్ 1976లో రాసిన ‘ది బైసెంటెనియల్ మ్యాన్’ చదవండి. మనిషిగా గుర్తింపు కోసం రెండు వందల ఏళ్ళు పోరాడిన రోబో కథ, అన్ని పేజీలు కూడా కావు. ‘ది ఇన్నర్ లైట్’ నచ్చితే జో హాల్డెమన్ ‘ది ఫరెవర్ వార్’. వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి రాసింది. కాంతి వేగానికి దగ్గరగా వెళ్ళి యుద్ధం చేసి వచ్చే సైనికుడికి కొద్దికాలమే గడుస్తుంది, ఇంటి దగ్గర మాత్రం దశాబ్దాలు, ఆ తర్వాత శతాబ్దాలు గడిచిపోతాయి. అతను మొదటిసారి ఇంటికి వచ్చి తల్లిని కలుసుకునే భాగం దాకా చదవండి, తర్వాత చదవాలో వద్దో నేను చెప్పక్కర్లేదు.